ఊరగాయకు బూజు పడితే నేరం కోడలిదేనా?

వానలు మొదలయ్యాక మా బద్వేలులో కొన్ని ఇళ్లల్లో ఒక పంచాయితీ తప్పదు. ఊరగాయ జాడీ మూత తీస్తారు, పైన తెల్లగా బూజు. జాడీ సరిగా ఆరిందా, గరిటె తడిగా ఉందా అని ఎవరూ చూడరు. "బయట ఉన్నప్పుడు ముట్టుకున్న్యావా?" అని కోడల్ని అడుగుతారు. అత్త చదువుకున్నదే, కోడలు ఉద్యోగం చేసేదే, అయినా ప్రశ్న మాత్రం అదే. ఆ ప్రశ్న మన ఇళ్లల్లో ఇక వినబడకూడదని నా అభిప్రాయం. ఆ పిల్ల మనసు నొచ్చుకోవడం ఒక్కటే కాదు, ఆ ప్రశ్న అడిగినంత కాలం అసలు కారణం దొరకదు కూడా.

బూజుకు కావలసింది తడి, గాలి. కడిగిన మామిడికాయను పూర్తిగా తుడిచి ఆరబెట్టకపోతే తడి లోపలికి పోతుంది. ముక్కలు నూనెలో మునగకపోతే పైన గాలి తగులుతుంది. అన్నం తింటూ అదే తడి గరిటె జాడీలో పెడితే రెండూ కలిసొస్తాయి. ఈమధ్య ఇంకో కారణం చేరింది. ఇంట్లో ఒకరికి బీపీ అని ఊరగాయలో ఉప్పు తగ్గిస్తున్నాం. ఊరగాయను కాపాడేది ఆ ఉప్పే. బీపీ ఉన్నవాళ్లు ముక్క తక్కువ తినాలి, లేదా తక్కువ ఉప్పుతో కొంచెమే పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా అవజేయాలి. ఏడాది జాడీలో ఉప్పు తగ్గిస్తే అది ఏడాది నిలవదు.

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ పెద్దవాళ్లు తమ ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చని 1978లోనే చట్టం మార్చారు. వీడికీ ఆ సరదా ఉంది. మన దగ్గర లైసెన్సు లేకుండా అలా కాస్తే నేరం. 1992లో సారా మీద దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది మన పక్క నెల్లూరు జిల్లాలోనే. కాబట్టి బీరు కాచుకోమని నేను ఎవరికీ చెప్పను. వాడి పద్ధతి మాత్రం మనం నేర్చుకోదగ్గది.

ఒకసారి వాడి బీరు పాడైంది. "చిన్నమ్మా, వాసనను బట్టి తప్పు ఎక్కడో తెలుస్తుంది" అన్నాడు. వెనిగర్‌లా పుల్లగా ఉంటే గాలి తగిలి వేరే క్రిమి చేరినట్టు. వెన్న వాసన వస్తే ఈస్టు తన పని పూర్తి చేయకముందే తీసేసినట్టు. మందుల వాసన వస్తే నీళ్లలోని క్లోరిన్‌ను అనుమానించాలట. ప్లాస్టిక్ బకెట్‌కు గీతలు పడితే ఆ గీతల్లో క్రిములు దాక్కుంటాయని బకెట్టే మార్చేశాడు. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు అంటాడు. మురికి పోకుండా మందు నీళ్లు పోసినా పని చేయదట. అంతా ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ బీరును ఎవరు ముట్టుకున్నారని వాణ్ని ఎవరైనా అడిగారా? మగవాడి బకెట్ పాడైతే కారణం వెతుకుతారు, ఆడదాని జాడీ పాడైతే మనిషిని వెతుకుతారు.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే అనుకోకండి. సుమారు 1,950 ఏళ్ల కిందట రోమ్‌లో ప్లినీ అనే పండితుడు, బహిష్టు తగిలితే కొత్త ద్రాక్షసారా పులిసిపోతుందని రాశాడు. ఆ గుట్టు విప్పడానికి మైక్రోస్కోపు కావలసి వచ్చింది. 1856లో ఫ్రాన్స్‌లోని లీల్ పట్టణంలో బీటు దుంపల నుంచి మద్యం తీసే ఒకాయన తొట్లు పుల్లబడిపోతుంటే లూయీ పాశ్చర్ దగ్గరికి పోయాడు. బాగున్న తొట్టి చుక్కలో గుండ్రటి ఈస్టు కణాలు, పాడైన తొట్టి చుక్కలో పుల్లల్లాంటి క్రిములు కనిపించాయి. తర్వాత 1876లో పాశ్చర్ బీరు పాడవడం మీద ఒక పుస్తకమే రాశాడు. క్రిమికి ముట్టు, మైల తెలియవు. దానికి కావలసింది తిండి, తడి, వెచ్చదనం.

మన ఎండల్లో ఈ వెచ్చదనమే పెద్ద సమస్య. నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో రాత్రంతా ఉంచిన దోసె పిండి తెల్లారేసరికి నోట పెట్టలేనంత పులుస్తుంది. అది చెడిపోవడం కాదు, ఎక్కువ పులవడం. సాయంత్రం ఆలస్యంగా రుబ్బి, ఒక పొంగు రాగానే ఫ్రిజ్‌లో పెడితే సరి. పిండి మీద గులాబీ రంగు, నారింజ రంగు చారలో, నల్ల బూజో కనబడితే మాత్రం పైది తీసేసి మిగతాది వాడకండి, మొత్తం పారేయండి. పెరుగు జిగటగా తీగలు సాగుతుంటే పాలను తిట్టే ముందు తోడు మార్చండి. ఎండాకాలంలో తోడు తగ్గించండి.

ఇక నీళ్లు. మనది బోరు నీళ్ల సీమ. సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ పొర గరుకుగా ఉంటుంది, అందులో జిడ్డు, క్రిములు నిలుస్తాయి. మా జేజి చింతపండుతో రుద్దేది. పులుపుకు ఆ పొర కరుగుతుంది. ముందు రుద్ది కడగడం, తర్వాత మరిగే నీళ్లు పోయడం, ఆ తర్వాత ఎండలో ఆరబెట్టడం. ఈ వరుస మారకూడదు. పింగాణీ జాడీకైతే మరిగే నీళ్లు ఒక్కసారిగా పోయకండి, పగులుతుంది.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వండిన అన్నాన్ని గంటల తరబడి వేడి గదిలో అట్లే ఉంచితే అందులో ఒక రకం క్రిమి పెరిగి విషం వదలొచ్చు. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పిల్లలకు వాంతులైతే దిష్టి తగిలిందని మిరపకాయలు తీసేలోపు ఆ అన్నం ఎప్పుడు వండిందో గుర్తు చేసుకోండి.

అత్తలారా, వదినల్లారా, మన దగ్గర పెరిగే ఆడపిల్ల ఈ పంచాయితీని రెండుసార్లు వింటే చాలు, తన ఒంట్లోనే ఏదో విషం ఉందని నమ్ముతుంది. నెలకు మూడు రోజులు వంటింటి గడప దగ్గర నిలబడి మంచినీళ్లు అడుక్కుంటుంది. రేపు తన కోడల్ని తానే అదే ప్రశ్న అడుగుతుంది. తడి గరిటె మాత్రం జాడీలోకి పోతూనే ఉంటుంది, వచ్చే ఏడు కూడా బూజు పడుతుంది.

ఈసారి జాడీ పాడైతే వరుసగా చూడండి. కాయ ఆరిందా? జాడీ ఆరిందా? ఉప్పు సరిపోయిందా? నూనె పైకి తేలిందా? గరిటె పొడిగా ఉందా? ఈ ఐదింటిలో ఒకదాని దగ్గర జవాబు దొరికే అవకాశమే ఎక్కువ. దొరికినదాన్ని క్యాలెండర్ వెనక రాసి పెట్టుకోండి, వచ్చే ఎండాకాలానికి పనికొస్తుంది.