త్రోవ తెగిన మందిరములు

ఇంగ్లండునందలి ట్వైక్రాస్ అను పల్లెలో కార్యస్థానముగల రేర్ సంస్థవారు నిర్మింపగా, 1997 ఆగస్టులో నింటెండో 64 యంత్రము కొరకు వెలువడిన 'గోల్డెన్‌ఐ 007' అను వీడియోగేమును లక్షలాది జనులు కొని, ఆడి, అందలి ప్రతి నడవను తిరిగి, ప్రతి తలుపును తట్టి చూచి, ఇక చూడవలసినది లేదని తృప్తిపడి అటకెక్కించిన పదునైదేండ్లకు, ఆ కార్ట్రిడ్జిలోని ఫైళ్ళను అంకె అంకెగా పరిశీలించుచున్న కొందరు ఔత్సాహికులకు అందులో మరియొక యంత్రమే కానవచ్చినది. 1980వ దశకమున ఆంగ్లేయుల యిండ్లలో పిల్లల చేతికి వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరును నింటెండోపై అనుకరించి నడుపగల ఎమ్యులేటరును, దానితోపాటు ఆ కంప్యూటరుకై పూర్వము వ్రాయబడిన పది ఆటలును అందు నిద్రాణముగా నుండెను. ఆ పదియు పరుల సొత్తు కావు. 'జెట్‌ప్యాక్', 'సేబర్ వుల్ఫ్', 'నైట్ లోర్' మొదలగునవి రేర్ సంస్థ స్థాపకులైన స్టాంపర్ సోదరులు అంతకుముందు అల్టిమేట్ అను పేర వెలువరించిన తమ తొలినాటి రచనలే. అట్టి అనుకరణము సాధ్యమగునో కాదో చూతమని కార్యశాలలో నొకరు చేసిన ప్రయోగమది. విడుదలకు ముందు తీసివేయవలసియుండగా, తీసివేయక, కేవలము కదలకుండ చేసి ఊరకుండిరి. జేమ్స్‌బాండు కథను కొనుకొన్న ప్రతి బాలుని అరచేతిలోను ఆ కథా నిర్మాతల యౌవనము గూడ ముడిచిపెట్టబడియున్నదని కొన్నవానికి తెలియదు, అమ్మినవానికి తెలియదు.

ఇట్టిది అపురూపమైన ఘటనమని పాఠకులు భావింతురేమో, కాదు. ఈ కళలో నిదియే పరిపాటి. కవి పద్యమును కొట్టివేసినచో ఆ గీత కంటికి కానవచ్చును. శిల్పి చెక్కివేసిన రాతిపొట్టు నేల రాలిపోవును. వీడియోగేమునందు జరుగునది వేరు. ప్రతి బొమ్మకు, ప్రతి బాణీకి, ప్రతి మాటకు ఒక సంఖ్యయో చిరునామాయో యుండును. ఏ ఘట్టమున నేది రావలయునో ప్రోగ్రాము ఆ సంఖ్యనుబట్టియే పిలుచుకొనును. నడుమనున్న యొకదానిని సమూలముగ పెఱికివేసినచో వెనుకనున్న సంఖ్యలన్నియు జరిగిపోయి, రాజు పలుకవలసిన చోట రాక్షసుడు పలుకుటయో, ఆట మొత్తము స్తంభించుటయో సంభవించును. గడువు ముంచుకొనివచ్చిన వేళ, పరీక్షకులు నెలల తరబడి ఆడి తప్పులు దిద్దిన దానిని మరల కదిపినచో మరల మొదటినుండి పరీక్షింపవలసియుండును గనుక, నిర్మాతలు వస్తువు జోలికి పోరు. దానిని పిలిచెడి ఒక్క పంక్తిని తీసివేసి చేతులు దులుపుకొందురు. పాత యింటి గోడలోని కరెంటు తీగను లాగినచో ఏ గదిలో దీపమారునో తెలియక, కొసలు కత్తిరించి గోడలోనే వదలివేయు ఎలక్ట్రీషియను వివేకమిది. గది యుండును, గదిలో సామాను నుండును. దానికి పోవు త్రోవ మాత్రము తెగిపోవును.

ఒక్క బైటునకు గూడ కాటకమున్న దినములలో నీ ఔదార్యమెట్లు చెల్లినదని అడుగవచ్చును. చెల్లనిచోట చెల్లలేదు. 1996 ఫిబ్రవరి 27న జపానులో గేమ్‌బాయ్ యంత్రమునకు వెలువడిన తొలి 'పోకెమాన్' ఆటల కార్ట్రిడ్జి అంచులదాక నిండిపోయినదట. విడుదలలో నుండరాని పరీక్షా సాధనములను చిట్టచివర తొలగింపగా సుమారు 300 బైట్ల ఖాళీ యేర్పడెను. ఆ ఖాళీలోనికి మొరిమోతో షిగెకి అను ప్రోగ్రామరు 'మ్యూ' అను ప్రాణిని చొప్పించెను. పరీక్షలు ముగిసిన పిమ్మట చేసిన యీ పని నేటి కాలమున ఊహింపరానిదని ఆయనయే అనంతర కాలమున చెప్పెను. ఆటలో సక్రమమైన యే మార్గమునను దానిని పట్టుటకు వీలులేదు; ఐనను ప్రోగ్రాములోని పొరపాటు మూలమున అది కొందరికి కానవచ్చి, వదంతి దేశమంతట వ్యాపించి, తుదకు ఆ యేడు వసంతమున నొక బాలల పత్రిక ద్వారా 20 మందికి దానిని బహుమతిగ పంచవలసివచ్చెను. తీసివేసిన దాని గోతిలో దాచిపెట్టినది మొలకెత్తినదన్నమాట.

వెదకువారి పద్ధతి చూడదగినది. వీరిలో పెక్కురు విద్వాంసులు కారు, వేతనము లేదు. కార్ట్రిడ్జిలోని సమస్తమును కంప్యూటరులోనికి దింపుకొని, తెరపై రెండేసి అక్షరములుగ బారులుతీరిన సంఖ్యలలో నొకదానిని మార్చి, ఆటను నడిపి, ఏమగునో చూతురు. తొంబదిమార్లు ఆట చచ్చి పడిపోవును. తొంబదియొకటవ మారు, 'జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్' లోని పల్లెటూరి పచ్చికపై, ఖడ్గము ధరించిన బాలుని నెత్తిపై, అంతరిక్ష యుద్ధనౌక యొకటి గిరగిర తిరుగుచు అగ్నివర్షము కురిపించును. 1998 నాటి ఆ పురాణతుల్యమైన కథలోనికి 'స్టార్ ఫాక్స్ 64' అను వేఱొక ఆటనుండి ఆర్‌వింగ్ అను నా నౌక యేల వచ్చెనన, అందొక డ్రాగన్ ఎగురు తీరును అమర్చుకొనుటకు నమూనాగా తెచ్చిపెట్టుకొనిరని చెప్పుదురు. డ్రాగన్ నేర్చుకొని యెగిరిపోయినది. గురువు గదిలో మిగిలిపోయెను.

వీనిలో సాహిత్యప్రియులను మిక్కిలిగ ఆకర్షింపదగినది 'సోనిక్ 2' లోని హిడెన్ ప్యాలెస్ వృత్తాంతము. 1992 నవంబరులో సెగా సంస్థవారు ఆ ఆటను వెలువరించుటకు ముందే రత్నకాంతులు గల యొక భూగర్భ సౌధము చిత్రములు పత్రికలలో అచ్చైనవి. ఆట వచ్చినది, సౌధము రాలేదు. ఐనను అందలి శబ్దపరీక్షా పట్టికలో 10వ సంఖ్యకడ, ఆటలోని యే ఘట్టమునను వినబడని యొక బాణీ మ్రోగుచుండెను. ఊరు లేక ఊరి పాట మాత్రము మిగిలినట్లు భావించి బాలురు ఆ సౌధమునకై వెదకిన వెదకులాట యింతింత యనరాదు. విడుదలకు పూర్వపు అసంపూర్ణ ప్రతి యొకటి తరువాత బయటపడి, సౌధము నిజముగ నిర్మింపబడుచుండెననియు, నడుమనే నిలిచిపోయెననియు తెలిసెను. పిదప 2013లో అదే ఆటను మొబైలు ఫోనులకై పునర్నిర్మించిన క్రిస్టియన్ వైట్‌హెడ్ ప్రభృతులు హిడెన్ ప్యాలెస్‌ను పూర్తిచేసి చేర్చిరి. దానికి ప్రవేశద్వారమెక్కడ పెట్టిరనుకొన్నారు? మిస్టిక్ కేవ్ అను గుహలో, ముండ్లతో నిండి, పడినవాడు చచ్చుటయే గాని వెలువడు దారి లేక రెండు దశాబ్దములుగ ఆటగాండ్ర శాపనార్థములకు గురియైన గోతిలో పెట్టిరి. ఇన్నేండ్లు మృత్యువు నోరైయున్నది ద్వారమైనది. పరిష్కర్తకు రసజ్ఞత యుండుట యన నిది.

కాని త్రోవ తెగిన గది యెవరిది అను ప్రశ్న సర్వదా ఇట్లు రసవంతముగ పరిష్కారమగునని చెప్పలేము. రాక్‌స్టార్ సంస్థవారి 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' 2004 అక్టోబరులో వెలువడెను. నాయకుని ప్రియురాలి యింటిలోపలి శృంగార ఘట్టమొకదానిని నిర్మాతలు మొదట రచించి, పిమ్మట విడిచి, అలవాటు చొప్పున ఫైళ్ళలోనే వదలిరి. 2005లో కంప్యూటరు ప్రతి వచ్చినంతనే నెదర్లాండ్స్ దేశీయుడొకడు చిన్న మార్పుతో దానిని తెరచి చూపగా, హాట్ కాఫీ అను ముద్దుపేరుతో అది ప్రపంచ ప్రసిద్ధమాయెను. ఇది హ్యాకర్ల చేతిపని యని సంస్థ మొదట చెప్పినది. అంతకుముందటి ప్లేస్టేషన్ డిస్కులో గూడ అదే ఘట్టము అట్లే యున్నదని తేలిన తరువాత ఆ మాట నిలువలేదు. అమెరికాలో ఆటలకు వయోనిర్ణయము చేయు మండలి జూలై 20న దానిని పెద్దలకు మాత్రమే పరిమితమైన శ్రేణిలోనికి మార్చగా, దుకాణములవారు అరలనుండి తీసివేసిరి. అయిదు దినములలో అమెరికా ప్రతినిధి సభ 355 మంది అనుకూలముగ, 21 మంది ప్రతికూలముగ, విచారణ జరుపవలసినదని తీర్మానించెను. కర్త విడిచిన దానికై కర్తను శిక్షింపవచ్చునా అని ఒక జాతి శాసనసభలో చర్చించుట సాహిత్య చరిత్రలో నిదివరకు లేని విశేషము. మాకు తోచినది చెప్పుదుము. అమ్మిన వస్తువునకు బాధ్యత వేరు, చెప్పిన కథకు బాధ్యత వేరు. పిల్లలున్న యింటికి చేరు పెట్టెలో నేమున్నదో పెట్టెపై వ్రాయవలసినదే. మండలి చేసినది సబబు. కాని ఆ ఘట్టము శాన్ ఆండ్రియాస్ కథలో భాగమని, నాయకుని శీలమును దానినిబట్టి నిర్ణయింపవలెనని విమర్శకుడెవ్వడైన వాదించినచో, వానికి గ్రంథమేదో గ్రంథపు చిత్తు ఏదో తెలియదని చెప్పక తప్పదు.

ఇట్టి వాదము అరుదు గాదు. తొలి పోకెమాన్ ఆటలలో, శిష్యునికి ప్రాణిని ప్రసాదించి సాగనంపు వృద్ధాచార్యుడు ఓక్‌తో పోరుటకు వలసిన సైన్యపు వివరములు ఫైళ్ళలో నున్నవి, ఆటలో మాత్రము ఆ పోరు లేదు; అందుచేత కథకు నిజమైన ముగింపు గురువుతో యుద్ధమే యని నమ్మువారు పెక్కురు. అది ముగింపే కావచ్చు, పరీక్షకై రాసుకొన్న పట్టికయే కావచ్చు. నిర్మాత దానిని పిలువలేదన్నదొక్కటే నిశ్చయము. పుణెలోని భండార్కరు సంస్థవారు 1919లో ఆరంభించి, సుక్తంకరు మొదలగు మహామహుల నేతృత్వమున 1966 నాటికి ముగించిన మహాభారత సంశోధిత ప్రతి, తెలుగు లిపిలోని తాళపత్రములతో సహా దేశమునందలి నానాలిపుల మాతృకలను కలిపి చూచి, వ్యాసునికి గణపతి లేఖకుడైన కథను మూలమునుండి తప్పించి అనుబంధమునకు పంపినది. గణపతి సంపుటములోనే యున్నాడు, భారతములో లేడు. ఆ కథ చదువుకొనుటకెవ్వరును అడ్డుపడలేదు. అది యెక్కడిదో చెప్పి మరీ చదువుమన్నారు. ఫైళ్ళలోని శేషములకు గూడ ఆ గౌరవమే తగును, అంతకు మించినది తగదు.

శేషములను పూరించుటకు పూనుకొన్నవారి సంగతి మరియొకటి. అబ్సిడియన్ సంస్థవారు 2004 డిసెంబరు పండుగల సంతకు అందింపవలసివచ్చి తొందరపాటుతో ముగించిన 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2' చివరి అంకములు తెగిన పుటలవలె నుండెను, నటులు పలికిన సంభాషణలు మాత్రము ఫైళ్ళలో చాలవరకు పదిలముగ నుండెను. కొందరు ఆటగాండ్రు సంవత్సరముల తరబడి శ్రమించి, ఆ గొంతుకలను తీసికొని, తమ సొంత కల్పనను వీలైనంత అణచుకొని, ఘట్టములను మరల కూర్చిరి. నన్నయభట్టు అరణ్యపర్వమున నిలిపిన చోటినుండి పూరించి, ఆ భాగమును తన పేర గాక నన్నయ పేరనే, రాజరాజనరేంద్రునికే అంకితముగ నడపిన ఎఱ్ఱన వినయము తెలిసిన జాతికి వీరి పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. స్విచ్ యంత్రమునకు అదే ఆటను 2022లో వెలువరించిన ఆస్పైర్ సంస్థ, ఈ పునరుద్ధృత భాగమును గూడ అందింతుమని ప్రకటించి అమ్మి, మరుసటి యేడు విరమించుకొని, కొనుగోలుదారులచేత న్యాయస్థానమునకు ఈడ్వబడినది. కంప్యూటరుపై అదే భాగము ఉచితముగ దొరకుచునే యున్నది.

ఈ శోధనమునకు చీకటి పార్శ్వము గూడ కలదు. 2020 జూలైలో నింటెండో సంస్థ లోపలి ఫైళ్ళు దొంగిలింపబడి బట్టబయలైనప్పుడు, 'సూపర్ మారియో 64' నిర్మాణ శేషములలో కథానాయకుడైన మారియోకు తమ్ముడగు లుయీజీ దేహభాగములు దొరకెను. 1996లో ఆ ఆట వచ్చిననాటనుండి, కోట పెరటిలోని శిల్పముక్రింద మసకబారిన గీతలలో లుయీజీ ఉన్నాడను సందేశమును చదివినవారికి అది పండుగయైనది. వారి నమ్మకము సగము నిజము, సగము కల్ల: లుయీజీ కార్యశాలలో నుండెను, వారు కొన్న కార్ట్రిడ్జిలో లేడు. తాను కొన్న ప్రతిలో నున్నదానిని పాఠకుడు తరచి చూచుట ఒకటి. ఇతరుల బీరువా పగులగొట్టుట మరియొకటి. రెండవదాని ఫలమును ఎంత ఆసక్తితో చదివినను, దానిని పరిశోధన యని మేము పిలువజాలము.

అట్లని తాళము వేసికొని కూర్చుండుటయే నిర్మాతల ధర్మమనియు అనము. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కర్త జోర్డన్ మెక్నర్, తన తండ్రికి దొరకిన పాత ఫ్లాపీలలోనుండి 1989 నాటి ఆపిల్ 2 మూలప్రోగ్రామును 2012లో ఉద్ధరింపజేసి యెల్లరకు ఉచితముగ చదువనిచ్చెను. రచనాకాలపు దినచర్యలను గూడ ప్రకటించెను. అందువలన లోకమునకు తెలిసిన విషయములలో నొకటి మిక్కిలి ముచ్చటయైనది. రాకుమారునికి దీటైన ప్రతినాయకుడు కావలసియుండెను. వాని బొమ్మలకు యంత్రపు జ్ఞాపకములో చోటు మిగులలేదు. అప్పుడాయన రాకుమారుని బొమ్మనే ఒక బిందువు మేరకు ప్రక్కకు జరిపి, దానితోనే కలిపి, ఉన్న బిందువుపై ఉన్న బిందువు పడినచోట చెరిగిపోవునట్లు చేయగా, మినుకుమినుకుమను నీడమనిషి యొకడు తెరపై నిలిచెను. అద్దము పగులగొట్టుకొని నాయకునినుండియే పుట్టి, త్రాగబోవు ఔషధమును దొంగిలించి, తుదకు కత్తి ఒరలో పెట్టిన పిమ్మటనే అతనిలో కలిసిపోవు ఆ పాత్రకు ఫైళ్ళలో ప్రత్యేకముగ బొమ్మలే లేవు.