పిల్లాణ్ని విడిపించాక?

2015 జనవరిలో పోలీసులు హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ బచ్చాలు. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాం. ఆ తర్వాత కూడా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అంటూ లెక్కలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. నేను అడిగేది ఆ మర్నాటి గురించి.

చట్టం ప్రకారం 24 గంటల్లోగా పిల్లాణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఈలోగా పోలీసు అడుగుతాడు, హోమ్‌లో అడుగుతారు, కమిటీ మళ్లీ అడుగుతుంది. సేఠ్ కొట్టాడా? ఎందుకు పారిపోలేదు? వాడు నేల చూస్తే ‘జిద్దీ’ అంటారు. నిన్న ఒక ఊరు, ఇవాళ ఇంకో ఊరు చెబితే ‘ఝూటా’ అంటారు. రొట్టె దిండు కింద దాచుకుంటే చోర్ అయిపోతాడు.

ఇది బద్‌తమీజీ కాదు, ఖౌఫ్. దెబ్బలకు, ఆకలికి అలవాటైన ఒళ్లు తానింకా కార్ఖానాలోనే ఉన్నాననుకుంటుంది. మన ఇళ్లలో దీన్ని సద్మా అంటాం, డాక్టర్లు ట్రామా అంటారు.

దీన్ని గుర్తుపట్టడానికి రహమ్ ఒక్కటే చాలదు, తాలీమ్ కావాలి. ముట్టుకునే ముందు అడగాలి. తర్వాత ఏం జరగబోతోందో ముందే చెప్పాలి. వాడి జుబాన్ తెలిసినవాళ్లు ఒక్కసారి అడిగి రాసుకుంటే, మిగతావాళ్లు అది చదువుకోవాలి. నిలబెట్టుకోలేని వాదా చేయకూడదు. ‘రేపే అమ్మీ దగ్గరికి పంపిస్తాం’ అని చెప్పి పంపకపోతే, ఆ పిల్లాడు ఇక ఎవరి మాటా నమ్మడు.

కమిటీ సభ్యులకు రెండు నెలల్లోగా శిక్షణ ఇవ్వాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లోని ‘సంవాద్’ ఇలాంటి తాలీమ్ ఇస్తోంది. కానీ పిల్లాడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు పక్కన ఉండేది కమిటీ మెంబర్ కాదు. వార్డెన్, ఆయా, వాచ్‌మన్. ముందు నేర్పాల్సింది వాళ్లకే. జీతాలే సరిగా లేని చోట ట్రైనింగ్ ఎందుకని కొందరంటారు. రెండూ కావాలి. ఒక్క వార్డెన్ మీద అంతమందిని వదిలేస్తే, ఎంత నేర్పినా సబర్ మిగలదు.

సర్కార్‌ను అడిగి ఊరుకుంటే మన జిమ్మేదారీ తీరదు. హుజూర్ (స) పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని, ఎనిమిదేళ్లకు తాతను పోగొట్టుకున్నారు. యతీమ్‌ల పట్ల కఠినంగా ఉండొద్దని సూరా అద్-దుహా నేర్పుతోంది. మనం యతీమ్‌ఖానాలకు బియ్యం పంపుతాం, రంజాన్‌లో ఇఫ్తార్ పెడతాం. మాషా అల్లాహ్. కానీ అక్కడ పిల్లల్ని ఫజర్‌కు లేపే మనిషి చేతిలో బెత్తం ఉందా అని ఎప్పుడైనా అడిగామా?

ఈసారి చందా ఇచ్చేటప్పుడు అడగండి. పిల్లల్ని చూసుకునేవాళ్లకు ఏం నేర్పించారని, ఎవరు నేర్పారని. జవాబు లేకపోతే, మీ చందాలో కొంత ఆ తాలీమ్‌కే ఖర్చు చేయమనండి. ఆ పిల్లలు మన చేతిలో పెట్టిన అమానత్.