రేగడి మట్టితో రసాయన పాఠం

కర్బన రసాయన శాస్త్రం కఠినమని, కంఠస్థం చేయడం తప్ప గత్యంతరం లేదని డిగ్రీలో చేరిన తొలినాళ్లలోనే మన విద్యార్థులు నిశ్చయించుకుంటారు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. చేతికి అందవలసిన శాస్త్రాన్ని నల్లబల్లకే పరిమితం చేయడం వల్ల కలిగిన కష్టమిది.

ఒక్క ఉదాహరణ చూడండి. డైక్లోరోమీథేన్‌లో ఒక కార్బనుకు రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు ఉంటాయి. కాగితంపై క్లోరిన్లను పక్కపక్కనా వ్రాయవచ్చు, ఎదురెదురుగానూ వ్రాయవచ్చు. ఇవి రెండు పదార్థాలని విద్యార్థి భ్రమిస్తాడు. కాదని అధ్యాపకుడు చెప్తే నమ్ముతాడే గాని గ్రహించడు.

కోయిలకుంట్ల చేలలో రేగడి మట్టికి కొరత లేదు. గుప్పెడు తడిమట్టిని ఉండ చేసి, నాలుగు చీపురుపుల్లలను ఒకదానికొకటి సమానంగా, వీలైనంత ఎడంగా గుచ్చితే వాటి మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు వస్తుంది. కార్బను బంధాల అమరిక ఇదే. క్లోరిన్లను ఏ రెండు కొనలకు పెట్టినా, త్రిప్పి చూస్తే ఒకే అణువు!

తరువాత నాలుగు కొనలకు పసుపు, కుంకుమ, సుద్ద, బొగ్గు అద్దిన చిన్న ఉండలను పెట్టించి, దాని అద్దపు ప్రతిబింబం వంటి నమూనాను మరొకటి చేయించవలె. కుడిచేయి, ఎడమచేయి వలె ఆ రెండూ ఎన్నటికీ ఒకటి కావు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లంలోని నడిమి కార్బను ఇట్టిదే.

ఇది పిల్లల ఆట అని కొందరు అనవచ్చు. 1874లో ఈ అమరికను ప్రతిపాదించిన వాంట్ హాఫ్ అట్ట నమూనాలు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపినాడు. 1877లో కోల్బే వంటి పెద్దలు ఆయనను ఎగతాళి చేసినారు. కాలం వాంట్ హాఫ్ పక్షాన నిలిచింది.

ప్రయోగాలకూ మన పరిసరాలే ఆధారం కావలె. పసుపును స్పిరిట్‌లో కలిపి వడగట్టి, సున్నపు తేట పోస్తే ఎర్రబడుతుంది. తగినంత నిమ్మరసంతో తిరిగి పసుపుపచ్చనవుతుంది. 1930వ దశకంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. ఆర్. శేషాద్రి బృందం పత్తిపూల వర్ణద్రవ్యాలను పరిశోధించింది. ఆ పత్తి మన చేలలోనూ పూస్తుంది.

పాఠ్యప్రణాళిక ముగించడానికే వ్యవధి చాలదన్న మాట నిజమే. అయినా మొదట ఒక గంట మట్టికి కేటాయిస్తే, తరువాత పది గంటల వల్లె తప్పుతుంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చి ఆంగ్ల పదాలకు బెదిరే గ్రామీణ విద్యార్థికి ఈ గంట మరింత అవసరం. మట్టి ఉండకు మాధ్యమ భేదం లేదు.

కనుక ప్రయోగ పరీక్షలో అణు నమూనా నిర్మాణానికీ కొన్ని మార్కులు కేటాయించవలెనని మా సూచన. మార్కులున్న చోటికే మన చదువులు నడుస్తున్నవి గదా!