బాపు అడిగిన ప్రశ్న

మొన్న శనివారం రాత్రి లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ కింద నా పై ప్రాణాలు పైకే పోయాయి.

కారు కొని రెండు నెలలు. పక్క సీట్లో బాపు. ఏసీ ఎక్కువైందని చేతులు రుద్దుకుంటున్నాడు. తగ్గిద్దామని డ్యాష్‌బోర్డు మీదున్న పెద్ద టచ్‌స్క్రీన్‌పై వేలు పెట్టాను. ఫ్యాన్ గుర్తు నొక్కితే ఇంకో మెనూ వచ్చింది. అందులో ఒక స్లైడర్. ఇంతలో గతుకు. వేలు జారింది, ఏసీ తగ్గలేదు, పాట మారింది. తలెత్తి చూస్తే కళ్ల ముందు స్కూటీ బ్రేక్ లైటు! ఎగిరి బ్రేకు తొక్కాను. నా బంపర్‌కీ ఆ స్కూటీకీ మధ్య జానెడు దూరం మిగిలింది. వెనక్కి తిరిగి ఆ అమ్మాయి చూసిన చూపు నేను మర్చిపోను.

బాపు తిట్టలేదు. తిడితేనే బాగుండేది. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ ఒక్క మాట అడిగాడు.

“మనం చూసిన ఆ రేసు పిలగాడు గన్ని బటన్లు నొక్కుకుంట గంత స్పీడుల పాయె. నీకు ఏసీ తగ్గించుడు రాలేదేందిరా?”

ఈ వారం కాలమ్ ఆ ప్రశ్నకి నేను వెతుక్కున్న జవాబు.

ఆయన చెప్పిన రేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్ ఈ-ప్రీ. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా-ఈ రేసు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. రోడ్లు మూసేశారని లక్డీకాపూల్ నుంచి నడిచే వెళ్లాం. బాపుకి మొదట నచ్చలేదు. “ఇంజన్ సప్పుడే లేకపాయె, ఇదేం రేసు?” అన్నాడు. నిజమే, ఎలక్ట్రిక్ కార్లు కదా, ఈల వేసినట్టు ఒక కూత పెట్టి వెళ్లిపోతాయి.

కాసేపటికి పెద్ద స్క్రీన్ మీద డ్రైవర్ల పేర్ల పక్కన ఏవో శాతాలు కనిపించాయి. అవేంటని అడిగాడు. బ్యాటరీలో మిగిలిన ఎనర్జీ అని చెప్పాను. అంతే, సీట్లో ముందుకి జరిగాడు. “అరే, ఇది కేఎంపీఎల్ ఆటనే గదరా!”

ఆర్టీసీ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు అని. డిపోలో ప్రతి డ్రైవర్‌కీ ఆ లెక్క ఉంటుంది. బాపు లెక్క ఎప్పుడూ పైనే ఉండేది. స్టాపు ఇంకా కనిపించకముందే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేవాడు. బస్సు తన ఊపుతో తనే వెళ్లి స్టాపులో ఆగేది. రేసింగ్‌లో సరిగ్గా ఇదే పనికి ‘లిఫ్ట్ అండ్ కోస్ట్’ అని స్టైలుగా పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ డ్రైవర్ చేతుల దగ్గరికి వద్దాం. ఫార్ములా-ఈ స్టీరింగ్ మన కార్లలోలా గుండ్రంగా ఉండదు. వీడియో గేమ్ ప్యాడ్‌కి అన్నలా ఉంటుంది. మధ్యలో చిన్న స్క్రీన్, చుట్టూ బటన్లు, తిప్పే నాబ్‌లు, వెనక వేళ్లకి అందేలా పాడిల్స్. గేర్లు మార్చే పని లేదు, ఉన్నది ఒకటే గేరు. బ్రేకు వేసినప్పుడు మోటారు ఉల్టా పనిచేసి, వృథా అయ్యే వేగాన్ని మళ్లీ కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపిస్తుంది. దాన్నే రీజెన్ అంటారు. హైదరాబాద్‌లో పరిగెత్తిన జెన్-3 కార్లు ఇలా గరిష్టంగా 600 కిలోవాట్ల దాకా వెనక్కి తీసుకోగలవు. బయటికి ఇచ్చే గరిష్ట పవర్ 350 కిలోవాట్లే. అంటే ఆ కారు పరిగెత్తేటప్పటికంటే ఆగేటప్పుడే ఎక్కువ బలం చూపిస్తుందన్నమాట. ముందు చక్రాలకెంత బ్రేకు, వెనక చక్రాలకెంత, రీజెన్ ఎంత అన్నది డ్రైవర్ స్టీరింగ్ మీదే చూసుకోవాలి.

ఇక అటాక్ మోడ్. స్టీరింగ్ మీద సిద్ధం చేసుకుని, మామూలుగా వెళ్లే దారి వదిలి, ట్రాక్ మీద గుర్తు పెట్టిన చోటు మీదుగా పోతే పవర్ 300 నుంచి 350 కిలోవాట్లకి పెరుగుతుంది. అదీ కొన్ని నిమిషాలే. దారి వదిలినందుకు కాస్త టైమ్ పోతుంది, ఒక్కోసారి ప్లేసూ పోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన రూల్ ఇంకోటుంది. ఫార్ములా-వన్‌లో కారు లోపలి ప్రతి లెక్కా పిట్‌లో కూర్చున్న ఇంజనీర్లకి లైవ్‌గా అందుతుంది. ఫార్ములా-ఈ రేసులో అలా పంపనివ్వరు. బ్యాటరీ ఎంత మిగిలిందో డ్రైవరే స్క్రీన్ చూసి రేడియోలో చెప్పాలి. పక్క టీమ్ వింటుందని చాలాసార్లు కోడ్ భాషలో చెప్తారు. అంత టెక్నాలజీ ఉన్న ఆటలో ఆఖరి లెక్క మనిషి నోటి నుంచే రావాలి.

ఆ రోజు రేసు తేలింది కూడా ఈ లెక్కల మీదే. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర, వెనకే తరుముతున్న నిక్ క్యాసిడీ కంటే తక్కువ ఎనర్జీ ఉంది. అయినా ఎక్కడ కాలు తీయాలో, ఎక్కడ దారి మూసేయాలో చూసుకుంటూ చివరిదాకా ఆపాడు. గీత దాటేసరికి ఇద్దరి మధ్యా అర సెకను కూడా లేదు. మూడో స్థానంలో వచ్చిన సెబాస్టియన్ బ్యుయెమీ అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని పెనాల్టీ వేశారు. పోడియం పోయింది, ఆ చోటు ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకి దక్కింది. “పొదుపు జేసినోడు గెలిచిండు, ఎక్కువ గుంజినోడు మునిగిండు” అని బాపు తీర్పు.

సరే, ఆయన ప్రశ్న? జవాబు స్టీరింగ్ చరిత్రలోనే దొరికింది. ఒకప్పుడు రేసు డ్రైవర్ గేరు మార్చాలంటే ఒక చెయ్యి స్టీరింగ్ మీద నుంచి తీయాల్సిందే. 1989లో ఫెరారీ గేరు మార్చే పాడిల్స్‌ని స్టీరింగ్ వెనకే పెట్టింది. ఆ కారుతో నైజెల్ మాన్సెల్ సీజన్ మొదటి రేసు బ్రెజిల్‌లో గెలిచాడు. ఆ తర్వాత ఒక్కో పనీ స్టీరింగ్ మీదికే వచ్చి చేరింది. కారణం ఒకటే, రెండు చేతులూ స్టీరింగ్ వదలకూడదు, కళ్లు రోడ్డు వదలకూడదు. అందుకే అక్కడ ముఖ్యమైన పనులకి టచ్‌స్క్రీన్ ఉండదు. గ్లౌజు వేసుకున్న వేలికి కూడా ‘టక్’మని తెలిసే బటన్లు ఉంటాయి. ఏది ఎక్కడుందో బొటనవేలికి కంఠతా వచ్చేదాకా సిమ్యులేటర్‌లో గంటల తరబడి రుద్దుతారు.

అయినా తప్పు జరగదని కాదు. 2021 జూన్‌లో బాకూలో రేసు మళ్లీ మొదలైనప్పుడు, ఏడుసార్లు ఛాంపియన్ లూయిస్ హామిల్టన్ చెయ్యి తగిలి బ్రేకుల సెట్టింగ్ మార్చే బటన్ ఆన్ అయింది. మొదటి మలుపులో కారు తిరగలేదు, నేరుగా వెళ్లిపోయింది. గెలిచే అవకాశమున్న రేసులో 15వ స్థానం. అంత మొనగాడికే ఒక్క వేలు అంత పని చేసింది. నేనైతే కళ్లు రోడ్డు మీద నుంచి తీసి, మెనూలో మెనూ వెతుకుతున్నాను, అదీ లక్డీకాపూల్ ట్రాఫిక్‌లో!

2024లో మన రేసు జరగలేదు, రద్దయింది. ఆ రోజు ట్రాక్ అయిన రోడ్డు మీద ఇప్పుడు మనమే తిరుగుతున్నాం, ఒక చేత్తో ఫోన్‌లో మ్యాప్ జూమ్ చేసుకుంటూ. మీరు కూడా చేస్తారు, నాకు తెలుసు.

నిన్న పొద్దున పార్కింగ్‌లో బండి కదలకముందే పది నిమిషాలు కూర్చున్నాను. నా స్టీరింగ్ మీద ఎనిమిది బటన్లున్నాయి. రెండు నెలల్లో నేను వాడింది వాల్యూమ్ ఒక్కటే. మిగతావన్నీ కళ్లు మూసుకుని వెతకడం ప్రాక్టీస్ చేశాను. ఏసీ ముందే సెట్ చేశాను, మ్యాప్ ముందే పెట్టాను, ఫోన్ గ్లవ్‌బాక్స్‌లో పడేశాను. బాపు వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మెట్రో స్టేషన్ దాటాక దూరంగా ఎర్ర సిగ్నల్ పడింది. అప్పుడే కాలు తీసేశాను. కారు తన ఊపుతో మెల్లగా వెళ్లి గీత దగ్గర ఆగింది.

బాపు కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

“గిట్ల నడిపితే నీ కేఎంపీఎల్ పెరుగుతది.”