కోటి మంది ముద్దాయిలు

2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో ఇనుప ఖనిజం గని వ్యర్థాల ఆనకట్ట తెగింది. ఆ బురద 270 మంది ప్రాణాలు తీసి, పరావొపేబా నదిలో కలిసింది. గని ఎవరిదో లోకానికి తెలుసు. రెండేళ్ళకు వాలే కంపెనీ 3,770 కోట్ల బ్రెజిల్ రియల్స్ పరిహారానికి ఒప్పుకుంది.

మేడ్చల్ జిల్లాలో, ఒకప్పటి శామీర్‌పేట మండలం జవహర్‌నగర్‌లో, హైదరాబాద్ వాళ్ళం పోసిన చెత్త గుట్టకు తెగడానికి ఆనకట్టే లేదు. ఏళ్ళ తరబడి చేరిన చెత్త దాదాపు కోటీ ఇరవై లక్షల టన్నులైంది. దాని నల్లటి రసం మల్కారం చెరువులోకి దిగింది. ఒక్క రోజులో జరగలేదు కాబట్టి దాన్ని మనం ప్రమాదమని కూడా అనలేదు.

గని వ్యర్థంలోని విషం రాతిలోంచి వస్తుంది. ఈ గుట్టలోకి మాత్రం మన ఇళ్ళ నుంచే వెళ్ళింది. కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం గాలాడక మురిగితే ఆమ్లాలు పుడతాయి. పక్కనే పడేసిన బ్యాటరీల్లోని సీసాన్ని, కాడ్మియాన్ని అవి కరిగిస్తాయి. వాన పడితే ఆ రసం కిందికి దిగుతుంది. మొరం దాటి గ్రానైటు పగుళ్ళలో పడితే బోరుబావి ఎంతో దూరం కాదు. విడిగా ఉంచితే తొక్కలు ఎరువయ్యేవి, బ్యాటరీలు రీసైక్లింగ్‌కు పోయేవి. రెంటినీ కలిపింది మనం.

తెలియక కాదు. 2015లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఇంటికి రెండు డబ్బాలిచ్చింది, తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలిది. ఎన్నో ఇళ్ళలో ఒకదాంట్లో నీళ్ళు పట్టుకున్నాం, రెండోదాంట్లో బియ్యం పోసుకున్నాం. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త వేరుచేయడం తప్పనిసరి చేశాక కూడా ఒకే సంచి మూతికట్టి చెత్త ఆటోలో వేశాం.

దమ్మాయిగూడ, చీర్యాల జనం కంపు భరించలేక రోడ్డెక్కితే, ఎక్కడో ఒకచోట పోయాలి కదా అన్నాం. ఆ చోటు ఏనాడూ మన కాలనీ కాలేదు. కీసరగుట్ట మొక్కులకు, శామీర్‌పేట చెరువు షికార్లకు వెళ్తూ కారు అద్దాలెక్కించుకున్నాం. గుట్టకు కప్పు వేశాక గడ్డి మొలిస్తే పని అయిపోయిందనుకున్నాం. కప్పు పైనుంచి వానను ఆపుతుంది. అడుగున పొర పరవకుండా పోసిన పాత చెత్త, అప్పటికే నేలలోకి దిగిన రసం అలాగే ఉంటాయి. కంపు తగ్గిందా అని అడిగాం గానీ నీళ్ళ సంగతి అడగలేదు.

వాలే మీద వేసినట్టు మన మీద ఎవరూ దావా వేయరు. కోటి మంది ముద్దాయిలను నిలబెట్టే బోను ఏ కోర్టులోనూ లేదు. శిక్ష మాత్రం గుట్ట పక్కన బతికేవాళ్ళకు పడింది.

మల్కారం చెరువు, చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్ష ఫలితాలు ఆయా ఊళ్ళలో తెలుగులో బోర్డు కట్టి పెట్టమని అధికారులను అందరం అడగాలి. అడిగే ముందు రేపు పొద్దున ఆటో వచ్చేసరికి తడి, పొడి విడిగా పెట్టండి. బ్యాటరీలు, పాత మందులు మూడో సంచిలో వేయండి. అదీ చేయలేకపోతే బ్రెజిల్ కంపెనీని తప్పుపట్టే అర్హత మనకు లేదు.