ఆటలో నియమాల మితి

నియమం లేని ఆట కలహంగా మారుతుంది. నియమాలు మితిమీరిన ఆట ఆడేవారికి భారమవుతుంది. పోరాటాన్ని అనుకరించే ఆటలలో ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పాత్రధారణ క్రీడలకు బాట వేసింది. ఇందులో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు వీరులుగా, మాంత్రికులుగా మారి కల్పితలోకంలో రాక్షసులతో తలపడతారు. కత్తిదెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక, గాయం ఎంతటిదో తేల్చడానికి మరొక పాచిక వేస్తారు. వాటిపై కూడికలు, తీసివేతలు ఉంటాయి. ఈ నియమాలను వివరించే ఆంగ్ల గ్రంథాలు వందల పుటలకు విస్తరించాయి.

ఇటువంటి ఆటను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని గోలేటిలో సింగరేణి కార్మికుల పిల్లలు తెలుగులో ఆడుకోవాలంటే, ముందుగా పోరాట నియమాలను సరళం చేయాలి. గనిలో షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి పిల్లలతో గడపగలిగేది ఏ గంటసేపో. ఆ గంట నియమాల అన్వేషణకే చాలకపోతే ఇక ఆట ఎక్కడిది?

సరళత్వానికి ఆదర్శం దూరాన లేదు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి దానిని చంపుతుంది. మేకలు పులులను కదలనీయకుండా బంధిస్తాయి. నేల మీద సుద్దముక్కతో గీసుకొని ఆడగల ఈ ఆటలో నియమాలు స్వల్పం, ఆలోచన అనల్పం. బలహీనులకు ఐకమత్యమే ఆయుధమని అది ఉపదేశం లేకుండానే బోధిస్తుంది.

ఆ మార్గంలోనే పాత్రధారణ క్రీడకు నాలుగు గవ్వలు చాలు. వెల్లకిలా పడిన గవ్వలెన్నో గాయం అంత. ఒక్కటీ పడకపోతే దెబ్బ తప్పినట్లు. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, దెబ్బ తప్పేది పదహారింట ఒక్కసారే. వీరునికి పది ప్రాణాంశాలుంటే సుమారు అయిదు దెబ్బలలో ఫలితం తేలుతుంది. ఇద్దరు మిత్రులు చెరొకవైపు నిలిచి శత్రువును అడ్డగిస్తే ఒక గవ్వ అదనంగా వేయవచ్చు. మేకల నీతి ఇక్కడా వర్తిస్తుంది.

నియమాలు తగ్గితే వాస్తవికత లోపిస్తుందని కొందరి వాదన. ప్రష్యా సైన్యం యుద్ధక్రీడ కోసం రైస్‌విట్జ్ 1824లో విస్తృత నియమావళిని ప్రచురించాడు. 1876లో వెర్డీ డు వెర్నోయ్ అనే సేనాని ఆ గణనలను పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే మేలన్నాడు. యుద్ధం తెలిసినవారికే లెక్కలు భారమయ్యాయన్నమాట.

అయితే సర్వం మధ్యవర్తి ఇచ్ఛకు వదిలివేయడమూ క్షేమం కాదు. పిల్లల ఆటలో పెద్దవాడు తనవారి పక్షం వహిస్తే చిన్నవాడికి దిక్కెవరు? అందువల్ల ఉన్న కొద్ది నియమాలూ అందరికీ తెలిసి ఉండాలి, అందరినీ సమానంగా బంధించాలి. పులి ఎంత బలమైనదైనా గీత దాటి అడుగు వేయదు. చిన్నవాడు నిర్భయంగా ‘ఇది నియమం కాదు’ అని చెప్పగలిగినప్పుడే ఆ ఆట అందరిదీ అవుతుంది.