మైనస్ 271 డిగ్రీలు... మరి కరెంటు బిల్లు?

మే నెలలో మా పిన్ని వాళ్లింట్లో ఏసీ 24 కంటే కిందికి దిగిందంటే గొడవే. రిమోట్ ఆవిడ దిండు కిందే ఉంటుంది. మొన్న అక్కడ కూర్చుని ఈ వారం కాలమ్ రాసుకుంటుంటే, ట్రిపుల్ ఈ చదువుతున్న వాళ్లబ్బాయి నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"మైనస్ 271 డిగ్రీలా? అన్నా, దీని బిల్లు ఎవరు కడతారు?"

నవ్వొచ్చింది గానీ, అసలు ప్రశ్న అదే.

నేను రాస్తున్నది అమెరికాలోని ఒక మెషీన్ గురించి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో, నేలకి దాదాపు పది మీటర్ల లోతున ఉంది. పేరు ఎఫ్‌రిబ్. 73 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. 2022 మేలో ప్రయోగాలు మొదలయ్యాయి. కాల్షియం, యురేనియం లాంటి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడదీసి, ఆ అయాన్లని కాంతి వేగంలో సగం దాకా తోసి, గిరగిరా తిరిగే గ్రాఫైట్ చక్రానికి కొడతారు. అప్పుడు విరిగిన ముక్కల్లో భూమ్మీద మామూలుగా ఎక్కడా కనపడని రేడియోధార్మిక కేంద్రకాలు కొన్ని ఉంటాయి. వాటిని అయస్కాంతాలతో ఏరుకోవాలి. మనం బియ్యంలో రాళ్లు ఏరి పారేస్తాం కదా, వీళ్లకి ఆ రాళ్లే కావాలి!

చిక్కేమిటంటే, ఈ కేంద్రకాల్లో కొన్ని మిల్లీసెకన్లే బతుకుతాయి. నువ్వు ఒక రీల్ స్వైప్ చేసేలోపు పుట్టి, పోతాయి. పైగా కోట్లకి కోట్ల అయాన్లు కొడితే గానీ ఒకటి దొరకదు. కాబట్టి బీమ్ బలంగా ఉండాలి, ఆగకుండా రావాలి.

తోసే పని 324 లోహపు డబ్బాలది. క్యావిటీలంటారు. ఉయ్యాలని సరైన క్షణంలో తోస్తేనే ఊపు పెరుగుతుంది కదా, ఇవీ అంతే. వీటిలో ఒక రకం క్యావిటీలో విద్యుత్ క్షేత్రం సెకనుకి 8 కోట్ల 5 లక్షల సార్లు ఊగుతుంది. అయాన్ సరిగ్గా టైముకి లోపలికి రావాలి.

ఈ డబ్బాలు రాగితో చేస్తే? ఇంత బలమైన క్షేత్రాన్ని ఆపకుండా నడిపితే గోడలు వేడెక్కిపోతాయి. కాసేపు నడిపి, కాసేపు ఆపాలి. ఆపితే మనకి కావలసిన ఆ ఒక్క కేంద్రకం కోసం ఇంకా ఎక్కువ రోజులు కాచుకోవాలి. అందుకే నయోబియం అనే లోహం వాడారు. 9 కెల్విన్ దాటాక ఇంకాస్త కిందికి దిగితే అది సూపర్‌కండక్టర్. అందుకే ద్రవ హీలియంలో ముంచి 2 నుంచి 4 కెల్విన్ మధ్య ఉంచుతారు.

"రెసిస్టెన్స్ జీరో అయితే నష్టం కూడా జీరోనే కదన్నా?"

"డీసీకి జీరో రా. ఇక్కడ క్షేత్రం అటూ ఇటూ ఊగుతోంది, కొంచెం వేడి పుడుతుంది. కాకపోతే రాగితో పోలిస్తే సుమారు లక్షో వంతు."

ఇక్కడే వాడి బిల్లు వస్తుంది. 2 కెల్విన్ దగ్గర పుట్టిన ఒక్క వాట్ వేడిని బయటికి లాగడానికి, పైన ప్లాంట్‌లో దాదాపు వెయ్యి వాట్లు తగలెయ్యాలి. అన్యాయంగా అనిపిస్తుంది. కానీ వాడే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు: లక్ష రెట్లు మిగిలింది, వెయ్యి రెట్లు పోయింది, అంటే ఇంకా వంద రెట్లు లాభం! (గోడల వేడి వరకే ఈ లెక్క. బీమ్‌లోకి ఎక్కించే పవర్ ఎలాగూ కట్టాల్సిందే.)

డబ్బు కంటే వీళ్లని భయపెట్టేది దుమ్ము. క్యావిటీ లోపలి గోడ మీద కంటికి కనపడని రేణువు ఒక్కటి అతుక్కున్నా, అక్కడినుంచి ఎలక్ట్రాన్లు చిమ్ముతాయి. ఎక్స్‌రేలు పుడతాయి, గోడ వేడెక్కుతుంది, సూపర్‌కండక్టింగ్ గుణమే పోవచ్చు. అందుకే యాసిడ్‌తో పై పొర తీసేసి, అతిశుద్ధమైన నీటిని హై ప్రెషర్‌తో కొట్టి కడిగి, క్లీన్‌రూమ్‌లో ముసుగులేసుకుని బిగిస్తారు. వేల కోట్ల రూపాయల మెషీన్‌లో చివరికి మొనగాడి పని కడగడమే అని నాకనిపిస్తుంది.

మన దేశంలోనూ ఈ విద్య ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో నయోబియం క్యావిటీలు సొంతంగా తయారుచేశారు. అక్కడి లినాక్ మామూలు, స్థిరమైన అయాన్లని తోస్తుంది. రేడియోధార్మిక బీమ్‌ల కోసం కోల్‌కతాలోని వీఈసీసీ, కెనడాలోని ట్రయంఫ్ ల్యాబ్‌తో చేతులు కలిపింది.

ఎఫ్‌రిబ్ లక్ష్యం 400 కిలోవాట్ల బీమ్. మొదటి ప్రయోగం 1 కిలోవాట్‌తోనే చేశారు. ఆ కాస్తతోనే మెగ్నీషియం-38 దొరికింది. మామూలు మెగ్నీషియంలో ఎక్కువగా ఉండేవి 12 న్యూట్రాన్లు, దీంట్లో 26. దాని అర్ధాయువు కొలిచి చూస్తే, పక్కనున్న ఐసోటోన్ల (అన్నే న్యూట్రాన్లున్న వేరే మూలకాల కేంద్రకాల) వరుసకి కుదరకుండా తక్కువ వచ్చింది. ఎందుకో సిద్ధాంతాలు సరిగా చెప్పలేకపోయాయి. ఇంకా డేటా కావాలని ఆ పేపర్‌లోనే రాసుకున్నారు.

"అయితే పవర్ పెంచమను అన్నా," అన్నాడు మావాడు. పెంచుతున్నారు, మెట్టు మెట్టుగా.